మాస్కు పెట్టుకుంటాం, కొలత చూసి ఇవ్వండి

సంపాదకులకు,

అయ్యా,

టీబీ వార్డుల్లో పనిచేసే సిబ్బంది డ్యూటీలో ఉన్నంతసేపూ ఎన్‌95 మాస్కు తీయకూడదని, తీసినట్టు కనిపిస్తే మెమో ఇస్తామని ఈ మధ్య మా ఆసుపత్రిలో నోటీసు అంటించారు. అందరితో పాటు నేనూ చదివి సంతకం పెట్టాను. నేను పల్నాడు ప్రాంతంలో ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఛాతీ వ్యాధుల విభాగంలో, అందులోనూ మామూలు మందులకు లొంగని టీబీ రోగులుండే వార్డులో చాలా కాలంగా చేస్తున్నాను. మాస్కు ఎంతసేపు పెట్టుకోవాలో ఆ నోటీసులో ఉంది. ఎవరి ముఖానికి ఏ సైజు ఇస్తారో లేదు. మధ్యలో కాసేపు ఎక్కడికి వెళ్లి తీయాలో, ఆ కాసేపూ వార్డు ఎవరు చూసుకుంటారో లేదు. ఆ లేని సంగతుల గురించే ఈ ఉత్తరం.

మాస్కు వద్దని రాస్తున్నానని దయచేసి ఎవరూ అనుకోవద్దు. నాతో పాటు నర్సింగ్ చదివిన స్నేహితురాలికి వార్డు డ్యూటీలు చేస్తుండగానే టీబీ వచ్చింది. పెళ్లీడుకొచ్చిన కూతుర్ని ఇంట్లో పెట్టుకుని, చుట్టాలకు తెలిస్తే సంబంధాలు తప్పిపోతాయేమోనని దాచి దాచి మందులు మింగింది. మనిషి సగమైపోయింది. రోగి దగ్గినప్పుడు వచ్చే తుంపర్లు గాలిలోనే ఆరిపోయి ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నలుసులై గంటల తరబడి తేలుతూ ఉంటాయి. పల్చటి సర్జికల్ మాస్కు రోగి మూతికి ఉంటే తుంపర్లను కొంతవరకు ఆపుతుంది గానీ, మేం పీల్చే గాలిని వడకట్టదు. దాని పక్కలన్నీ ఖాళీయే. ఎన్‌95 అయితే 0.3 మైక్రాన్ల నలుసుల్లో కూడా కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. అదీ అంచులన్నీ ముఖానికి అతుక్కుని కూర్చుంటేనే. మా కష్టమంతా ఈ అతుక్కోవడం దగ్గరే ఉంది.

పొద్దున ఎనిమిదింటి డ్యూటీ అంటే ఎలా ఉంటుందో చెబుతాను. కఫం డబ్బాలు తీసుకుని పేర్లు సరిచూసుకోవాలి. మాత్రలు దగ్గరుండి మింగించాలి. బెడాక్విలిన్ వాడేవాళ్లకు గుండె లయ తేడా వస్తుందేమో చూడటానికి ఈసీజీ తీయాలి. లినెజోలిడ్ వాడేవాళ్లను అరికాళ్లు మండుతున్నాయా, తిమ్మిరెక్కుతున్నాయా అని అడగాలి. ఇవన్నీ రోగి పక్కన వంగి చేసే పనులు, దూరం నుంచి అయ్యేవి కావు. మాస్కు లోంచి మాట సగమే బయటికొస్తుంది. మా దగ్గర వయసు మళ్లినవాళ్లు పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటారు, ఇక్కడ వాళ్లకు పెదాలు కనపడవు. "ఏందమ్మా, కాస్త గట్టిగా చెప్పు" అంటారు. గట్టిగా చెబితే దవడ కదులుతుంది. దవడ కదిలితే మాస్కు జారుతుంది. జారగానే పై అంచు నుంచి ఊపిరి తప్పించుకుని కళ్లద్దాల మీదికి కొడుతుంది, అద్దాలు మసకబారిపోతాయి. ఆ మసకలో సన్నటి నరం వెతికి క్యాన్యులా పెట్టాలి. అద్దాలు మసకబారాయంటే మాస్కు లీకవుతోందని మాకు తెలుసు. అందుకని ముక్కు మీద ఉన్న రేకును ఇంకా గట్టిగా నొక్కుతాం. డ్యూటీలో ఎన్నిసార్లు నొక్కుతామో లెక్కుండదు. మధ్యాహ్నానికల్లా గొంతు బొంగురుపోతుంది. ఇంటికెళ్లాక పిల్లలు ఏదన్నా అడిగినా తలూపడమే తప్ప మాట్లాడే ఓపిక ఉండదు.

రేకు నొక్కిన చోట ఏమవుతుందో మా వార్డులో పనిచేసే ఒక అమ్మాయి ముఖం మీద దగ్గరగా చూశాను. ముప్పై ఏళ్లు కూడా ఉండవు ఆ పిల్లకు. మొదట్లో డ్యూటీ దిగేసరికి ముక్కు దూలం మీద అడ్డంగా చిన్న గాడి పడేది, రాత్రికి పోయేది. తరవాత అది తెల్లారేదాకా ఉండటం మొదలైంది. గాడి అడుగున చర్మం మెరుస్తూ, చుట్టూ నల్లగా కమిలింది. ఒకరోజు మాస్కు తీస్తుంటే దాంతో పాటు పైపొర కూడా లేచొచ్చింది. మర్నాడు మళ్లీ అదే పచ్చి మీద మాస్కు పెట్టుకుని డ్యూటీకి వచ్చింది. చెమట దిగినప్పుడల్లా చుర్రుమని కళ్లలో నీళ్లు తిరిగేవి, చేయి పెట్టి తుడుచుకోవడానికి లేదు. నొప్పి తట్టుకోలేక కింద దూది పెట్టి ప్లాస్టర్ అంటించుకుంది. దూది పెడితే అక్కడ సందు పడుతుంది, ఆ సందులోంచి వార్డు గాలి నేరుగా లోపలికి పోతుంది. ఆ సంగతి చెప్పి ఆ దూది తీయించింది నేనే. తీయించాను గానీ దాని బదులు ఇవ్వడానికి నా చేతిలో ఏమీ లేదు.

మంచం పట్టిన రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సింగ్‌లో చేరిన మొదటి ఏడాదే నేర్పుతారు. ఎముక మీద పల్చటి చర్మం ఉండి, దాని మీద ఎడతెగని ఒత్తిడి పడి, చెమట తడి కూడా తోడైతే పుండు పడుతుంది. నడుం కింద, మడమల దగ్గర, తుంటి దగ్గర మేం రోజూ చూసుకునేది ఇదే. పడక పుండు పడితే ఆ వార్డు నర్సును సంజాయిషీ అడుగుతారు, అడగాలి కూడా. ముక్కు దూలం మీద ఉన్నదీ ఎముకే, చర్మం ఇంకా పల్చన, ఒత్తిడి ఆరు గంటలు, రాత్రి డ్యూటీ అయితే పన్నెండు గంటలు. రోగి నడుముకు రెండు గంటలకోసారి ఇచ్చే విశ్రాంతిని నర్సు ముక్కుకు ఎందుకివ్వరు? రోగికి పడితే పుండు, మాకు పడితే "అలవాటైపోతుందిలే అమ్మా" అంటున్నారు. చర్మానికి అలవాటు అనేది ఉండదు. మేం చదివిన చదువే ఆ మాట చెబుతోంది.

ఇంకో సంగతి. ఒత్తిడి పుండుకు తొలి గుర్తు వేలితో నొక్కినా పోని ఎరుపు అని పుస్తకాల్లో ఉంటుంది. అది తెల్లటి చర్మానికి రాసిన మాట. మన చామనచాయ, నలుపు చర్మాల మీద ఆ ఎరుపు సరిగ్గా కనపడదు. చుట్టుపక్కల కంటే నల్లబడటం, ముట్టుకుంటే వెచ్చగా, కాస్త గట్టిగా, నొప్పిగా ఉండటం చూసి గుర్తుపట్టాలి. పైఅధికారులు రౌండ్స్‌కొచ్చి "ఏం లేదుగా, బాగానే ఉందిగా" అనడానికి ఇదీ ఒక కారణం. దూరం నుంచి చూస్తే నిజంగానే ఏమీ కనపడదు. దయచేసి వేలు పెట్టి చూడండి, నొప్పి ఉందా అని అడగండి. పుండు మానాక కూడా మచ్చ నెలల తరబడి పోదు. పెళ్లి కావలసిన పిల్లలు ఆ మచ్చ కోసం సొంత డబ్బులతో క్రీములు కొనుక్కుంటున్నారు.

ఇది మా ఒక్క ఆసుపత్రి గోడు కాదు. 2020లో చైనాలోని హుబేలో కోవిడ్ రోగులకు వైద్యం చేసిన 542 మంది సిబ్బందిని అడిగితే 97 శాతం మంది రక్షణ సామగ్రి వల్ల, పదే పదే చేతులు కడగడం వల్ల చర్మం దెబ్బతిన్నదన్నారు. అందరికంటే ఎక్కువగా చెప్పిన చోటు ముక్కు దూలమే, 83 శాతం. దానికి చాలా ముందు, 2003లో సార్స్ వచ్చినప్పుడు సింగపూర్‌లో 212 మంది ఆరోగ్య సిబ్బందిని అడిగారు. వాళ్లలో 37 శాతం మందికి ఎన్‌95 పెట్టుకున్నప్పుడు తలనొప్పి వచ్చింది. నాలుగు గంటలు దాటి ఏకధాటిగా పెట్టుకున్నవాళ్లకు అది ఎక్కువగా వచ్చిందని తేలింది. మా డ్యూటీల్లో అన్నిటికంటే చిన్నదే ఆరు గంటలు.

ఆ తలనొప్పి ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. తల చుట్టూ పట్టీ బిగించినట్టు కణతల దగ్గర, మెడ వెనక మొదలవుతుంది. పట్టీలు నొక్కడం ఒకటి, వేడి ఒకటి, నీళ్లు తాగకపోవడం ఒకటి. మాస్కు లోపల నిలిచిన గాలినే కొంత మళ్లీ పీలుస్తాం కాబట్టి బొగ్గుపులుసు వాయువు కాస్త ఎక్కువగా లోపలికి పోవడం ఇంకొకటి. ఇన్ని కలిసి వచ్చే నొప్పికి ఒక డోలో మాత్ర వేసుకుని సరిపెట్టుకుంటున్నాం. వారమంతా మాత్ర మీదే నడిచేవాళ్లున్నారు. తలనొప్పికి మాత్రలు మరీ ఎక్కువగా వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి మొదలవుతుందని రోగులకు చెప్పేది మేమే.

ఈ సందర్భంలోనే ఒక అపోహ గురించి రాయాలి. కోవిడ్ రోజుల నుంచి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది, మాస్కు పెట్టుకుంటే ఒంట్లో ఆక్సిజన్ పడిపోతుందని. మా వార్డులో పారిశుధ్య పని చేసే ఒకావిడ అది నమ్మి మాస్కు గడ్డం కిందికి లాక్కుని ఊడ్చేది. "మేడమ్‌గారూ, ఇది పెట్టుకుంటే ఊపిరాడక చచ్చిపోతారంట" అంది. ఆవిడను కూర్చోబెట్టి, మాస్కు సరిగ్గా పెట్టి, కాసేపు పని చేయించి, వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలించాను. తొంభై ఎనిమిది చూపించింది. నా వేలికీ పెట్టి చూపించాను. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎన్‌95 వల్ల రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గదు. ఊపిరి బరువుగా అనిపించడం మాత్రం నిజం, ఎందుకంటే గాలి ఆ పొరల్లోంచి రావడానికి ఛాతీ కాస్త ఎక్కువ కష్టపడాలి. చెమటకు మాస్కు తడిస్తే ఇంకా బరువు. ఉబ్బసం ఉన్నవాళ్లను, నెలలు నిండుతున్న గర్భిణులను ఇలాంటి వార్డుల్లో గంటల తరబడి ఉంచకూడదని నేను గట్టిగా అనుకుంటున్నాను. భయం పుట్టించే అబద్ధం, బాధను కొట్టిపారేసే మాట, రెండింటి వల్లా చివరికి మాస్కు గడ్డం కిందికే చేరుతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ బాధల్లో చాలా భాగం మాస్కు వల్ల కాదు, ముఖానికి సరిపడని మాస్కు వల్ల. మాకు స్టోర్స్ నుంచి వచ్చేది ఒకటే సైజు. మా ముఖాలు మాత్రం ఒకటి కావు. కోలముఖం, గుండ్రటి ముఖం, ఎత్తు ముక్కు, చప్పిడి ముక్కు, అన్నిటికీ అదే. దశాబ్దాల పాటు అమెరికాలో మాస్కుల కొలతలను సరిచూసేందుకు వాడిన లెక్కలు 1967, 68 ప్రాంతాల్లో అక్కడి వైమానిక దళం వాళ్ల ముఖాల నుంచి తీసినవి. అక్కడి జనానికే అవి సరిపోవడం లేదని 2003లో మళ్లీ కొత్తగా ముఖాలు కొలిచారు. గుంటూరు, పల్నాడు ఆడపిల్లల చిన్న ముఖాలకు ఏది సరిపోతుందో ఎవరన్నా కొలిచారా? పెద్దదైతే అంచులు లేస్తాయి, లేచిన అంచును పట్టీలకు ముడులేసి బిగిస్తాం, ముడి పడిన చోట చెవి వెనక, చెంప మీద ఒరుసుకుపోతుంది. చిన్నదైతే గడ్డం కింద ఆగదు.

ముక్కుపుడక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన గైడ్‌లైన్స్‌లో అది లేదు. మాలో చాలామందికి ముక్కుపుడక ఉంది. మాస్కు పక్కన ఒత్తితే పుడక వెనక శీల లోపల గుచ్చుకుంటుంది, రంధ్రం చీము పడుతుంది. తీసేయమంటే పెళ్లైనవాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లతో తంటా. మా హెడ్ నర్సమ్మ తానే మాలో ఒకావిడ అత్తగారితో ఫోన్లో మాట్లాడి, డ్యూటీకి వచ్చేటప్పుడు పుడక తీసి పర్సులో పెట్టుకునేలా ఒప్పించింది. ఇక జడ. ఎన్‌95కి రెండు పట్టీలుంటాయి. ఒకటి నడినెత్తి మీదుగా, రెండోది చెవుల కింద నుంచి మెడ వెనక్కి పోవాలి. నూనె రాసి నున్నగా దువ్విన తల మీద పై పట్టీ జారుతూనే ఉంటుంది. ముడి ఎత్తుగా వేసుకుంటే పట్టీ దానికి అడ్డం పడి వంకరగా లాగుతుంది. డ్యూటీ రోజున ముడి మెడకు, నెత్తికి మధ్యలో వేసుకోవడం, నూనె ముందురోజే రాసి తలంటుకోవడం, ఇవి మాలో మేం ఒకరికొకరం చెప్పుకుని నేర్చుకున్నవే.

ఈ మధ్య వచ్చే స్టాకులో చెవులకు తగిలించుకునేవే ఎక్కువ. మీద ఎన్‌95 అని అచ్చేసి ఉంటుంది. తలకు పట్టీలున్న మాస్కు లాగినంత గట్టిగా చెవుల రబ్బరు లాగలేదు, లాగితే చెవి తెగిపోయేలా ఉంటుంది. గంట కాగానే వదులు, దవడ కదిలితే పక్కన సందు. చెవి వెనక ఎర్రగా కోసుకుపోయి, ఆ నొప్పికి కొందరు రెండు రబ్బర్లనీ కలిపి వెనక పేపర్ క్లిప్పుతో బిగిస్తున్నారు. అంటే మా బాధ పెరిగింది, రక్షణ తగ్గింది. కొనేటప్పుడు తలపట్టీలున్నవే కావాలని, మన దేశ ప్రమాణం ఐఎస్ 9473 గుర్తు ఉందా అని టెండరులో ఒక వాక్యం రాస్తే పోయేదానికి మేం చెవులు కోయించుకుంటున్నాం.

అదే మాస్కును ఎన్నాళ్లు వాడాలన్నది మరో గొడవ. కోవిడ్ కరువులో కాగితం కవర్ల మీద మా పేర్లు రాసి, వాటిలో మాస్కులు ఆరబెట్టి మార్చి మార్చి వాడాం. అప్పుడు గత్యంతరం లేదు, ఎవరినీ తప్పుపట్టను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. రబ్బరు సాగిపోయిన మాస్కును బిగించాలంటే మళ్లీ ముడే. కొందరు శానిటైజర్ కొట్టి ఎండలో ఆరేస్తారు. ఎన్‌95 లోపలి పొర నలుసుల్ని పట్టేది సన్నటి నేత వల్లే కాదు, ఆ పోగుల్లో నింపిన విద్యుదావేశం వల్ల కూడా. ఆల్కహాల్ తగిలితే ఆ ఆవేశం పోతుంది. చూడ్డానికి అదే మాస్కు, ఊపిరి తీయడానికి అంతే బరువు, వడకట్టే శక్తి మాత్రం పడిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు.

మాస్కుల గురించి బాహాటంగా మాట్లాడాలంటే మాలో భయం ఉందన్నది కూడా దాచను. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టర్ సుధాకర్ గారు మాస్కులు లేవని మాట్లాడి సస్పెండయ్యారు. ఆ మరుసటి ఏడాది ఆయన చనిపోయారు. రాజకీయం నాకొద్దు, ఆ కేసులోకి నేను పోను. మాస్కు అన్న మాట ఎత్తితే మా టీ గదిలో ఇప్పటికీ ఎవరో ఒకరు ఆయన పేరు తలుచుకుని "మనకెందుకు సిస్టర్" అంటారని మాత్రం చెప్పగలను.

నీళ్ల సంగతి. ఆడవాళ్లం కాబట్టి పేపర్లో రాయడానికి కొంచెం బిడియమే, అయినా రాస్తాను. మాస్కు తీయాలంటే వార్డు బయటికి రావాలి, చేతులు కడుక్కోవాలి, శుభ్రమైన గాలి ఉన్న చోట తీయాలి. మా గది వార్డును ఆనుకునే ఉంది, మధ్యలో సగం తలుపు. అక్కడ మాస్కు తీసి నీళ్లు తాగితే వార్డులో తాగినట్టే. అందుకని డ్యూటీ మొత్తం నీళ్లు తాగకుండా ఉండటం అలవాటు చేసుకున్నాం. రెంటచింతల ఎండల గురించి మీ పేపర్లో ప్రతి వేసవిలో చదువుతూనే ఉంటాం. ఆ ఎండల్లో, ఏసీ లేని వార్డులో, మూతికి ముక్కుకు మూత బిగించుకుని ఆరు గంటలు చుక్క నీరు లేకుండా ఉంటే మూత్రం మంట, ఇన్ఫెక్షన్లు రాక ఏమొస్తాయి? మా వాళ్లలో యాంటీబయాటిక్ కోర్సు వాడనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నెలసరి రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు.

ఇంత రాశాక, మాకంటే కష్టంలో ఉన్నవాళ్లను వదిలేస్తే తప్పు. వార్డు తుడిచేవాళ్లు, కఫం డబ్బాలు పారబోసేవాళ్లు, స్ట్రెచర్ తోసేవాళ్లు దాదాపు అందరూ అవుట్‌సోర్సింగ్ మీద వచ్చినవాళ్లే. స్టాకు తగ్గినప్పుడు ఎన్‌95 ముందు ఆగేది వాళ్లకే, బదులుగా సర్జికల్ మాస్కు చేతిలో పెడతారు. రోగి ముఖానికి దగ్గరగా వంగి దుప్పటి మార్చే మనిషి కూడా మేం పీల్చే గాలే పీలుస్తోంది. వాళ్ల ముక్కు మీద పుండు పడితే సెలవు పెట్టుకునే వీల్లేదు, ఆ రోజు కూలి పోతుంది.

పరిష్కారం లేనిదైతే ఇంత రాసేదాన్ని కాదు. మాస్కు ముఖానికి సరిపోయిందో లేదో చూసే పరీక్ష ఉంది. తల మీద పారదర్శకమైన ఒక ముసుగు వేసి, అందులోకి సాకరిన్ అనే తీపి పదార్థం కలిపిన తుంపర కొడతారు. మనిషి మాస్కు పెట్టుకుని మామూలుగా ఊపిరి తీయాలి, గట్టిగా తీయాలి, తల అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పాలి, మాట్లాడాలి, నడుం వంచాలి. నాలుకకు తీపి తగిలిందంటే మాస్కు లీకవుతోందన్నట్టే. ఇంకో సైజు, ఇంకో మోడలు పెట్టి మళ్లీ చూస్తారు. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, ఒక మనిషికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. అమెరికాలో అలాంటి మాస్కు పెట్టుకునే ఉద్యోగికి మొదట్లో ఒకసారి, ఆ తరవాత ఏడాదికోసారి ఈ పరీక్ష చేయాలని చట్టమే ఉంది. నా సర్వీసులో నాకు ఒక్కసారీ చేయలేదు, మా వార్డులో ఎవరికీ చేసినట్టు వినలేదు. జిల్లాకొక కిట్టు కొని, ఇద్దరు నర్సులకు నేర్పిస్తే చాలు. మూడు నాలుగు మోడళ్లు తెప్పించి, ఎవరికి ఏది సరిపోయిందో సర్వీసు రిజిస్టరులో రాసి, ఇండెంటు ఆ లెక్కన పెట్టవచ్చు. సరిపోయిన మాస్కుకు రేకును అంత నొక్కే పనే ఉండదు. ముక్కు మీద పుండ్లలో చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

రెండోది విరామం. రెండు గంటలకోసారి పావుగంట సేపు మాస్కు తీసి, ముఖం కడుక్కుని, నీళ్లు తాగి, బాత్రూముకు వెళ్లిరావాలి. ఇందుకు రిలీవర్, అంటే ఆ కాసేపూ మా బదులు వార్డు చూసుకునే నర్సు కావాలి. సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన లెక్క. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్కదాన్నే ఉన్న రోజులు నాకు కొత్త కాదు. అంత పెద్ద ఖాళీలు రేపే నింపమని అడగడం లేదు, ఛాతీ విభాగానికి షిఫ్టుకొక అదనపు నర్సును ఇవ్వమంటున్నాను. ఆ విరామం తీసుకునే గది వార్డు గాలి రాని వైపు ఉండాలి. మా ఆసుపత్రిలో రెండో అంతస్తు వరండా చివర పాత ఫర్నిచర్ పెట్టి తాళం వేసిన గది ఉంది, దానికి రెండు వైపులా కిటికీలున్నాయి. అలాంటివి ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటాయి.

గాలి సంగతి వచ్చింది కాబట్టి ఇదొక్కటి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో తెరిచారు. టీబీకి మందే లేని ఆ రోజుల్లో గాలీ వెలుతురే వైద్యమని ఊరి బయట, ఎత్తు మీద అలాంటి ఆసుపత్రులు కట్టారు. ఇప్పుడు మందులున్నాయి, మా కిటికీలు మాత్రం దోమలొస్తున్నాయని సాయంత్రం ఐదింటికే మూసేస్తున్నారు. ఇలాంటి గదిలో గంటకు కనీసం పన్నెండు సార్లు గాలి మారాలి. కిటికీలకు దోమతెర కొట్టించి రాత్రంతా తెరిచి ఉంచితే, గాలి బయటికి పోయే వైపున ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పనిచేస్తుంటే వార్డులో క్రిముల భారం తగ్గుతుంది. మాస్కు ఒక్కదాని మీదే అంతా ఆధారపడాల్సిన అవసరం ఉండదు.

కవాటం (వాల్వ్) ఉన్న మాస్కుల గురించి నిపుణులు ఒకసారి ఆలోచించాలని కోరుతున్నాను. వదిలిన ఊపిరి దానిలోంచి బయటికి పోతుంది కాబట్టి లోపల వేడి, తడి తక్కువ. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ అవి వద్దని రాష్ట్రాలకు రాశారు. పెట్టుకున్నవాళ్లకే కోవిడ్ ఉంటే పక్కవాళ్లకు రక్షణ ఉండదు కాబట్టి అప్పుడు అది సరైన మాటే. టీబీ వార్డులో మేం కాపాడుకోవాల్సింది మేం పీల్చే గాలిని. ఆపరేషన్ థియేటర్లో వద్దు, వేసవిలో మా వార్డులో కుదురుతుందేమో డాక్టర్లు చెప్పాలి.

ఈలోగా నాలాగే పనిచేస్తున్న చెల్లెళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. మాస్కు పెట్టుకోబోయే ముందు వ్యాజిలిన్ రాయకండి, మాస్కు జారిపోతుంది. పల్చటి మాయిశ్చరైజరు అరగంట ముందు రాసి ఆరనివ్వండి. ముక్కు మీద దూది, కట్టు కట్టే గాజ్ గుడ్డ మడతలు వద్దు. పుండ్లకు వాడే పల్చటి హైడ్రోకొల్లాయిడ్ పట్టీ చిన్న ముక్క కత్తిరించి అంటించుకోండి, అంటించాక రెండు చేతులతో మాస్కును మూసి ఊపిరి వదిలి, అంచుల నుంచి గాలి తగులుతోందో లేదో తప్పకుండా చూసుకోండి. చర్మం లేచిపోతే ఆ రోజే ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పి రిజిస్టరులో రాయించండి. రాయించకపోతే అలాంటి పుండ్లు ఉన్నట్టే పైవాళ్లకు తెలియదు.

మా ఇన్‌చార్జి సిస్టర్ ఇప్పటికే ఒక లాంగ్ నోట్‌బుక్కులో అలా రాయడం మొదలుపెట్టారు. పేరు, తేదీ, మాస్కు కంపెనీ, ఎన్ని గంటలు, ఎక్కడ పుండు, ఇంతే. జిల్లా టీబీ అధికారి గారు గానీ, వైద్య ఆరోగ్య శాఖ నుంచి ఇంకెవరైనా గానీ అడిగితే దాన్ని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. సాకరిన్ పరీక్ష నేర్చుకోవడానికి ఎవరినైనా పంపాలంటే మొదటి పేరు నాది రాసుకోమనండి, సెలవు రోజైనా సరే వస్తాను.

నా పేరు, ఆసుపత్రి పేరు ప్రచురించవద్దని మనవి. మీ రికార్డు కోసం వివరాలు విడిగా జతపరిచాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
పల్నాడు జిల్లా